ఉత్తరం మోయని బిళ్ళ

జూన్ నెలాఖరుకి నా కిటికీకి కొత్త బిళ్ళలొస్తాయి.
ఉత్తరానికి అంటిస్తే చెల్లవు,
దేన్నీ ఊరు దాటించవు,
ఒక్కోటి పాతిక డాలర్లు.
బిళ్ళ నిండా ఒక బాతు,
ఏడాదికొక రకం.

ఇరవై ఆరేళ్ళుగా ఈ బల్ల వెనకే ఉన్నాను, ఆర్డిస్‌ని,
నార్త్ డకోటాలో, హెల్విక్ పోస్టాఫీసులో.
జనం నూట పన్నెండు,
గుంటలు లెక్కలేనన్ని.
మంచుగడ్డ ఉత్తరానికి తిరిగిపోతూ
బొటనవేలితో నేలను నొక్కి వదిలిన గుంటలు.
ఏప్రిల్‌లో నిండుతాయి, ఆగస్టుకి సగం బురద.
ట్రాక్టరు తోలేవాడికి చేలో చిల్లులు,
పరజలకి పురిటిగదులు.

ఓర్లిన్ టోఫ్ట్ నేను తలుపు తియ్యకముందే వచ్చి
మెట్ల మీద కూర్చుంటాడు.
తడికుక్క వాసన, జేబులో గోధుమ పొట్టు.
వేటగాడు బిళ్ళ మీద సంతకం చెయ్యాలి, అది చట్టం.
గొలుసు కట్టిన నా పెన్ను లాక్కుని
బాతు మెడకి అడ్డంగా గీకేస్తాడు.
నీళ్ళ మీద కాల్చకముందే
ఇక్కడ, నా బల్ల మీద, ఒకసారి కాలుస్తాడు
అనుకునేదాన్ని.

అడెలైన్ వోల్క్ పదకొండింటికి వస్తుంది.
బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. అయిదు బిళ్ళలు.
ఆమెనెవరూ కొనమనలేదు, ఏ చట్టమూ అడగలేదు.
ఒకటి బైనాక్యులర్ పట్టీకి, ప్లాస్టిక్ తొడుగులో,
ఒకటి పిట్టల లెక్కలు రాసే నోటుబుక్కుకి,
తక్కిన మూడూ ఏం చేస్తుందో ఇప్పటికీ తెలీదు.
ఏ బాతు మీదా గీత పడనివ్వదు.

ఇద్దరికీ మాటల్లేవు, పదకొండేళ్ళుగా.
ఒక అక్టోబరులో ఓర్లిన్ ఒక కాలి ఉంగరం తెచ్చాడు,
ఎక్కడికి రాసి పంపాలో అడగడానికి.
నంబరు పైకి చదివాడు.
వరసలో వెనక నించున్న అడెలైన్
చివరి మూడంకెలూ అతనికంటే ముందే చెప్పింది.
ఆరు వసంతాలు చూసిందట ఆ ఎర్రతల కాన్వాస్‌బ్యాక్‌ని,
టెలిస్కోపులో కన్ను నొప్పెట్టేదాకా.
పార్సిలు నా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత లింగెన్ వాళ్ళ పొలం సంగతి.
ముసలాయన పోయాడు.
వారసులు మినియాపొలిస్ నుంచి ఫోన్లోనే బేరం కుదిర్చారు,
గొట్టాలు పాతి నీళ్ళు లాగేసి మొక్కజొన్న వెయ్యాలని.
పెద్దగుంట చుట్టూ ఎర్రజెండాలు కూడా పాతేశారు.
ఇంతలో సర్కారు మనిషొకడు బురద బూట్లతో వచ్చి
ఈ నీళ్ళ జోలికి ఎప్పటికీ ఎవరూ పోరాదని
కాగితం రాయించుకుని
చెక్కు ఇచ్చాడు.
ఆ చెక్కులో డబ్బు ఈ బిళ్ళలదే.

ఆ రాత్రి మనియార్డరు ఫారం వెనక లెక్క వేశాను.
ఓర్లిన్ నలభై మూడేళ్ళు, ఏడాదికొకటి.
అడెలైన్ పంతొమ్మిదేళ్ళు, ఏడాదికయిదు.
పాత ధరలు వేరు, సరే, ఉజ్జాయింపుగా.
ఇద్దరిదీ కలిపితే మూడెకరాలు,
నామాలకోడి గూడు కట్టే ఆ దక్షిణపు మూల, అంతే.
గుంట నలభై ఎకరాలు.
మిగతా నీళ్ళెవరివో,
ఏ ఊళ్ళో ఏ కిటికీ ముందు ఎవరు నించున్నారో.

ఈ జూన్‌లో ఓర్లిన్ కుక్క లేకుండా వచ్చాడు,
ఎండెక్కాక, పదకొండింటికి.
కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.
తుపాకి మేనల్లుడికిచ్చేశాడని ఊరందరికీ తెలుసు.
"ఒకటి" అన్నాడు.
పెన్ను అతనివైపు తోశాను, అలవాటుకొద్దీ.
దాన్ని చూశాడు. ముట్టుకోలేదు.
ఎడంచేత్తో బిళ్ళని చొక్కాజేబులో పెట్టుకున్నాడు,
బాతు మెడ నున్నగా ఉంది.

వెనక అడెలైన్.
గోడమీది క్యాలెండరుతో మాట్లాడినట్టు అంది:
"పెద్దగుంటకి తూర్పు గట్టున కూర్చుంటే
పొద్దుటెండ కళ్ళల్లో పడదు."
"తెలుసు. ముప్పయ్యేళ్ళు అక్కడే కూర్చున్నాను."
"ఓహో. ఆ నలిగిన జమ్ము నీదన్నమాట.
ఏటా ఏప్రిల్‌లో నా కుర్చీ దానిమీదే వేస్తాను."

ఇంకెవరూ ఏమీ అనలేదు. ఫ్యాను తిరుగుతోంది.
ఆమె అయిదడిగింది.
చింపి ఇస్తున్నాను.
బల్ల అంచు నుంచి జారిన పెన్ను
గొలుసుకి వేలాడుతూ ఊగుతోంది.