పట్టి చూడు

నా సంచిలో పదకొండు మంది ఉంటారు.
ఫోటో, ఫోన్ నెంబరు, సదరం సర్టిఫికెట్ నకలు.
నలభై శాతం, అరవై శాతం, నూరు.
ఎంత ఉందో రాసే గడి ఆ కాయితంలో యాడా లేదు,
ఎంత లేదో మాత్రం
డాక్టరు సంతకంతో ఉంటుంది.

ఎనిమిదేండ్లుగా ఆదోని వీధుల్లో
ఉద్యోగాలు అడగడమే నా ఉద్యోగం.
నా ఇనప పట్టీల బూటు టకటకమంటే
అంగళ్లవాళ్లు గల్లాపెట్టె తెరుస్తారు.
"చిల్లర వద్దు సామీ, ఒక స్టూలు చాలు,
కూర్చొని పనిచేసే పిల్ల ఉంది" అంటాను.
గల్లాపెట్టె మూసిన చప్పుడు
ఈ ఊర్లో నాకు తెలిసినంత ఎవరికీ తెల్దు.

కార్తీకంలో దస్తగిరమ్మను పత్తి మార్కెట్టుకు తీసుకపోయినాను.
నా సంచి పట్టీ పట్టుకొని నడిచింది.
గేటు కాడ ఎవరో అన్నారు, కుంటోనికి గుడ్డిది జత అని.
విన్నాం.
ఇద్దరికీ చెవులు బాగున్నాయి.

విరూపాక్షప్ప సాహుకారు కళ్లద్దాలు నొసటికెత్తినాడు.
"ఏమప్పా, పత్తి చూసే పనికి
చూపు లేని పిల్లనా?"

విత్తనాల అంగడి మీద రేకుల గది మాది.
ముసలి గ్రేడరు ఈరన్న నాలుగు నెలలు నేర్పినాడు:
పింజ లాగు, దువ్వు, గోటి మీద పరుచు,
ఎంత పొడుగో చెప్పు.
మొదటి నెలంతా తప్పులే.
ముప్పై ఉన్నదాన్ని ఇరవై ఆరంది.
ఒకదినం పత్తి విసిరికొట్టి ఏడ్చింది,
"మా తాత దూదేకినాడని
నా వేళ్లకు వస్తుందా ఏంది?"
రాదు.
ఎవరికీ ఊరికే రాదు.
అందుకే గదా ఆ గది, ఆ బాడుగ, ఆ ఈరన్న.

ఇదంతా సాహుకారుకు చెప్పాలని నేను నోరు తెరిచేలోపు
ఆ పిల్లే అందుకుంది:
"అన్నం ఉడికిందో లేదో పట్టి చూస్తారు,
పులుసు రుచి చూస్తారు,
బిడ్డకు జ్వరమొస్తే తాకి చూస్తారు.
నన్ను గూడా ఒక దినం
పెట్టుకొని చూడు సాహుకారూ."

ఆయన నవ్వలేదు. మూడు బోరాలు విప్పించినాడు.
మొదటిది సరిగా చెప్పింది. రెండోదీ సరే.
మూడోదాని పొడుగు చెప్పింది గానీ
పసుపు మచ్చ ఉందని చెప్పలేకపోయింది.
"రంగు నాకు తెల్దు" అంది.
"రంగు చెప్పేవాళ్లు నీ కాడ నలుగురున్నారు."
అని, మోచేతి దాకా బోరెంలోకి చెయ్యి దూర్చి,
"అడుగున నీళ్లు చల్లినారు.
ఆ నలుగురిలో ఎవరన్నా చెప్పినారా?"

దినానికి మూడు నూర్లన్నాడు.
అదే పనికి పక్కనోళ్లకు ఐదు నూర్లు.
ఆ రెండు నూర్ల కోసం
నేను ఇంకా ఆ మండీ మెట్లెక్కుతూనే ఉన్నాను.

మొదటి సాయంత్రం బస్టాండులో
ఆమె జుట్టు నిండా నూగు.
దులుపుకోమంటే వద్దంది.
"ఉండనీ అన్నా, మా అమ్మ చూసుకోవాల."

సంచిలో పదిమంది మిగిలినారు.
సోమవారం మళ్లీ పదకొండు.
జిన్నింగు మిల్లులో కుడి చెయ్యి పోయినోడు,
ఎడమ చేత్తో దరఖాస్తు నింపుతున్నాడు.
పేరులో మొదటి అక్షరానికే చెమట పట్టింది.
నేను రాస్తానని అనబోయి
ఊరుకున్నాను.
ఫ్యాను వాని వైపు తిప్పినాను.