దండెం లెక్క

ఆగస్టు. సముద్రం మీద మంచు మూతపెట్టింది.
కలేతా ఎస్పినో బడిలో
కిటికీలు బిగించాకే పాఠం మొదలు.
బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశాను.
రాగి కొలిమి చిమ్నీ. ఎత్తెంత?
యెర్కో పుస్తకం తెరవకుండానే అన్నాడు:
నూట యాభై రెండు మీటర్లు.
వాళ్ళ నాన్న ఏటా ఆ మెట్లెక్కి
కొసన ఎర్రదీపాలు మారుస్తాడు.

ముందు చేతులతో నేర్పాను.
బూట్ల డబ్బా కొండ, అట్టముక్క ఊరు,
చర్చిలో అడిగి తెచ్చిన సాంబ్రాణి,
ఒకటో నంబరు మీద ఫ్యాను.
పొగ కాసేపు బుద్ధిగా నడిచింది,
ఒళ్ళు విరుచుకుంది,
పోయి పోయి మైతేన్ ముఖం మీద కూర్చుంది.
అందరూ నవ్వారు.
మైతేన్ దగ్గింది.

తర్వాత సమీకరణం.
ఇది గాలి వేగం, హారంలో ఉంటుంది,
గాలి గట్టిగా వీస్తే మన వాటా తగ్గుతుంది.
తగ్గినది ఎటు పోతుందని అడగరేం?
పక్క ఊరికి.
ఇది సిగ్మా, పొగ ఎంత లావెక్కిందో చెబుతుంది.
ఇది ఆకాశం తీరు, ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు రకాలు,
ఎఫ్ అంటే
మీ అమ్మలు తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కే రాత్రి.

ఊరిని గళ్ళ కాగితం చేశాం.
గడికి రెండు వందల మీటర్లు.
చేపల రేవు మూడు, శ్మశానం తొమ్మిది,
బడి పధ్నాలుగు.
ఐదు పాత కంప్యూటర్లు, అందులో ఒకటి రోజంతా మూలుగుతుంది.
మూడు వారాలకు జవాబొచ్చింది:
పధ్నాలుగో గడి లేత పసుపు.
ఫరవాలేదు అనే రంగు.

ముప్పై మందిలో పదకొండు సంచుల్లో
ఇన్‌హేలర్లున్న గది
ఆ పసుపును చూస్తూ కూర్చుంది.
నేను ఇంటికెళ్ళి మూడుసార్లు చేశాను.
లెక్క తప్పలేదు.
లెక్క తప్పకపోవడమే నన్ను పడుకోనివ్వలేదు.

సోమవారం ఫ్రెసియా ఒక పుస్తకం తెచ్చింది,
అట్ట ఊడిపోయి, సబ్బు వాసనతో.
వాళ్ళ నాయనమ్మ నెల్డా పద్దుల పుస్తకం,
పందొమ్మిదేళ్ళు ఊరి దుప్పట్లు ఉతికిన మనిషి.
ఎవరివి, ఎన్ని, ఎంత రావాలి.
అక్కడక్కడ అంచున పెన్సిల్‌తో:
మళ్ళీ ఉతకాలి. పొగ.
పక్కన తేదీ, గంట.
ఉదయం ఎనిమిది. ఎనిమిదింబావు.
ఏడున్నర. ఎనిమిది. ఎనిమిది.

మా బడి గంట ఎనిమిదికి.

మేం వాడిన గాలి విమానాశ్రయానిది,
కొండకు అవతలిది, పైగా రోజంతటి సగటు.
సగటులో ఏ గంటైనా మునిగిపోతుంది,
చేతులు పైకెత్తే వ్యవధి కూడా ఉండదు.
దండెం మాత్రం కొండకు ఇవతల ఉంది.
రాత్రంతా మంచు కింద పరుచుకున్న పొగ
ఎండ నేలను తాకగానే
ఒక్కసారి కిందికి దిగేది,
తెల్ల దుప్పట్ల మీదకి,
వరసలో నిలబడ్డ పిల్లల మీదకి.

గంట గంటకు విడదీసి మళ్ళీ చేశాం.
ఎనిమిది గంటల పధ్నాలుగో గడి
ఎరుపు దాటిపోయింది.
ఎరుపు తర్వాత ఏ రంగో మా పెట్టెలో లేదు.
పిల్లలే వాదించుకుని వంకాయ రంగు ఖాయం చేశారు.
ఎవరో చప్పట్లు మొదలెట్టి
యెర్కోను చూసి ఆపేశారు.

"చిమ్నీ నోట పొగ వేడి ఎంత వేశారు?"
వాడు అడిగింది అదొక్కటే.
కంపెనీ కరపత్రంలో ఉన్నంత, అన్నాను.
వాడు కిటికీ వైపు తిరిగాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
మా ఊళ్ళో ఆ నిప్పు మీదే
సగం ఇళ్ళ అన్నం ఉడుకుతుంది.
ఆ మాట పాఠంలో ఎక్కడ పెట్టాలో
ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.

గురువారం నా బల్ల మీద
నాలుగు మడతల కాగితం.
లోపల నెలరోజుల అంకెలు, రాత్రి షిఫ్టువి,
గుండ్రటి పెద్దవాళ్ళ చేతిరాత.
ఓ మూల నల్లటి గ్రీజు వేలిముద్ర.
ఆ మూల చింపి జేబులో వేసుకున్నాను.

అంకెలన్నీ ఎక్కించాం.
పట్టిక చివర 'మూలం' అని ఒక గడి ఉంటుంది.
ఎక్కడినుంచి తెచ్చారో రాయకపోతే
మార్కులివ్వనని ఏటా బెదిరించేదాన్ని నేనే.
నెల్డా పేరు రాశాం, తేదీలతో సహా.
కింది గడి దగ్గర
ముప్పై మంది నా వైపు చూశారు.

ఖాళీగా వదిలి
ఫైలు మూసేశాను.