ముప్పైరెండో మగ్గం ఉన్నచోట

తాళం పగలగొట్టే పనే లేకపోయింది.
పదమూడేళ్ళ ఉప్పుగాలి దాన్ని ముందే తినేసింది.
గేటు నెడితే
గొంతెండినవాడు దగ్గినట్టు
ఒక చప్పుడు.

కంచరపాలెం పట్టాల అవతల
మా గోనెసంచుల మిల్లు.
ఏ కిటికీలోంచీ సముద్రం కనపడదు.
అందుకే మాకు దొరికింది.

హుద్‌హుద్ ఎత్తుకెళ్ళిన రేకుల కన్నాల్లోంచి
ఎండ పలకలు పలకలుగా పడుతోంది.
అందులో నార నలకలు ఇంకా తేలుతున్నాయి,
మా నాన్న ఊపిరితిత్తుల్లోకి వెళ్ళగా
మిగిలినవి.

ఇంజనీరమ్మాయి సుద్దముక్కతో గచ్చు మీద గీతలు గీసింది.
ఇది వంటగది, ఇది పడకగది, ఇది బాల్కనీ అంటూ
తనే నడిచి చూపించింది.
లేని తలుపు తీసుకుని
లేని గదిలోకి
మేమూ చెప్పులు విప్పే వెళ్ళాం.

తవిటయ్య మాత్రం గీతలకేసి చూడలేదు.
"ఇది బేచింగు. ఇది స్పిన్నింగు.
ఇక్కడ జాబర్ నిలబడీవోడు.
ఈ స్తంభం ఎనకాల నానూ మా బావా
బీడీలు దాచుకునీవోళ్ళం."
ఆ మధ్యాహ్నమంతా ఒకే నేలని
ఇద్దరు రెండు భాషల్లో చదివారు.

అర్జీలు మూడువందల పన్నెండు.
ఇళ్ళు తొంభైఆరు.
లెక్కలు పద్యంలో పెట్టకూడదంటారు గానీ
సొసైటీ కార్యదర్శిని నేనే,
స్టీలు బిందెలో చీటీలు కలిపిన చెయ్యి ఇదే.
పల్లా ఎర్రయ్య పేరు రాలేదు.
ఇరవైరెండేళ్ళ సర్వీసు, పీఎఫ్ బకాయి,
మగ్గాల మోతకి పోయిన కుడిచెవి.
అందరూ వెళ్ళాక బిందె బోర్లించి వెతికాను.
దొరికింది. నాలుగు మడతలు.
ఎవరి తప్పూ లేదు.

ఇప్పుడాయన గేటు బయట మురీ మిక్చర్ బండి పెట్టుకున్నాడు.
నాకు మాత్రం ఉల్లిపాయలు ఎక్కువేస్తాడు.
అదే కష్టం.

దాలమ్మకి వచ్చింది బీ బ్లాకు, కింది అంతస్తు, పద్నాలుగు.
సుద్దగీతలకి ముందు అక్కడ ముప్పైరెండో మగ్గం.
ఆమె మొగుడి మూడు వేళ్ళూ అక్కడే పోయాయి.
మార్చుకుంటావా అని అడిగాం,
నాలుగిళ్ళవాళ్ళు సిద్ధపడ్డారు కూడా.
నేల మీది నూనె మరకని కాలి బొటనవేలితో
రాసి చూసింది.
"పలకలు ఏయకండి ఇక్కడ. ఇలాగే ఒగ్గీండి."
చాలాసేపటికి మళ్ళీ,
"పొయ్యి ఈడనే పెడతాను.
ఆ మూడేళ్ళకీ ఇన్నేళ్ళూ
అన్నమెవులెట్టినారు?"

నార నానబెట్టే షెడ్డు పనిచోటయింది.
బల్ల అద్దె గంటకి ఎనిమిది రూపాయలు.
జ్ఞానాపురం నుంచి సలోమీ నాలుగు కుట్టుమిషన్లు తెచ్చింది.
ఎల్లాజీ వలలకి సీసపుగుళ్ళు కడతాడు.
పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు
తామెప్పుడూ చూడని ఊరి దుకాణానికి
లాప్‌టాప్‌లో పద్దులు రాస్తుంటారు.
వల వాసన మీద రోజూ తగువు.
నాలుగింటికి అందరికీ ఒకే టీ కెటిల్.

పోర్టు బొగ్గుపొడి ఒక్కటే మాట తప్పదు.
తొంభైఆరు బాల్కనీల్లో ఆరేసిన బట్టల మీదా
లాటరీ లేకుండా వాలుతుంది.

సైరన్ని ఏం చెయ్యాలో మూడు మీటింగుల్లో తేలలేదు.
పాత ఇనుమువాడు రేటు కూడా చెప్పాడు.
పసిపిల్లలు జడుసుకుంటారని ఒకరు,
అది మోగందే మా ఆయనకి తెల్లారదని ఒకరు.
చివరికి, కుళాయి నీళ్ళొచ్చినప్పుడు మోగించాలని
తీర్మానం రాశాను.

ఐదుంపావు.
బిందెలు పరుగెత్తుతాయి.
తవిటయ్య కూడా లేస్తాడు,
నిద్రకళ్ళతో చొక్కా గుండీలు పెట్టుకుంటూ,
టోకెన్ కోసం జేబు తడుముకుంటూ
గబగబా నడుస్తాడు.
గేటు దాకా వచ్చాక గానీ గుర్తురాదు
తను లోపలే ఉన్నానని.

గేటవతల
బండి కింద పడుకున్న ఎర్రయ్య
లేచి కూర్చుంటాడు,
వినపడే చెవి
ఇటు పెట్టి.