విన్నపాల పెట్టె

శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ముందు
పెట్టె తాళం తీసేది నేనే.
పాతగుంటూరు చర్చిలో, వెనక బల్ల పక్కన.
ఒకప్పుడది బిస్కెట్ల డబ్బా,
మూతకి గాటు పెట్టించి నీలం రంగు వేయించారు.

చీటీలు విడదీసి పాస్టరుగారికి అందివ్వాలి.
రోగాలొక కట్ట, అప్పులొక కట్ట,
డీఎస్సీ రాసినవాళ్లది వేరే కట్ట.
ప్రభువా, ఈ నెలాఖరులోగా.
ప్రభువా, మిర్చి రేటు ఇంకో రెండు వేలు.
ప్రభువా, ఎదురింటివాళ్ల కేసు కొట్టేసేలా.
కొందరు జిరాక్సు తీయించి వారవారం అదే వేస్తారు,
తేదీ ఒక్కటే పెన్నుతో.

నాదీ ఉండేది అందులో, చేతిరాత మార్చి:
రేపల్లె వెళ్లిపోయిన మనిషి
ఈస్టరులోపు తిరిగి రావాలి.
పేరు రాయలేదు. పరువు.
ఈస్టరు దాటిపోతే
క్రిస్మస్ అని దిద్దాను.

ఏ కట్టలోనూ ఇమడని చీటీ ఒకటి,
క్యాలెండరు కాగితం వెనక, పెన్సిలుతో:
నాన్నా, ఇవాళ కాకరకాయ పులుసు కుదరలేదు.
బెల్లం ఎక్కువైంది. అయినా తిన్నాను.
ఇంకో వారం:
మెట్ల కింద పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది,
నువ్వు చూసే ఉంటావులే.
ఇంకో వారం:
నీ మీద కోపంగా ఉంది. ఎందుకో తర్వాత చెప్తా.

జ్ఞానసుందరమ్మ. బడిలో ఆయాగా చేసి దిగిపోయింది.
"ఇందులో విన్నపమేదమ్మా?" అన్నాను.
చెప్పులు వెతుక్కుంటూ,
"పనుంటేనే మాట్లాడాలా ఏంటి" అంది.

నవ్వొచ్చింది. తర్వాత మంట.
ఆమె మోకాళ్లు అరిగాయి, రేకుల ఇల్లు కారుతుంది.
నాకు దొరకనట్టే ఆమెకీ ఏమీ దొరకలేదు.
కానీ ఆమెది క్యూలో నిలబడ్డ మొహం కాదు,
ఇప్పుడే ఎవరితోనో కబుర్లాడి లేచొచ్చిన మొహం.

ఆ రాత్రి మూడు వంతెనల కింద
వాననీళ్లలో బండి ఆగిపోయింది.
మోకాలి లోతులో తోసుకుంటూ వస్తుంటే
హెప్సిబా సంచి సర్దుకుంటూ అన్న మాట
ఏ పిలుపూ లేకుండా వచ్చింది:
"చొక్కా గుండీ ఊడినప్పుడే కదా
నేను మీకు గుర్తొచ్చేది."

పద్నాలుగు నెలలుగా
దేవుడికి కూడా నేను గుండీలే పంపుతున్నాను.

ఆ వారం కొత్త కాగితం తీశాను.
ప్రభువా అని రాసి కొట్టేశాను.
నాన్నా అనడానికి చెయ్యి రాలేదు.
ఉత్తినే మొదలుపెట్టాను:
బండి ఆగింది. ఒక్కణ్ణే తోశాను.
ఒక్కడికి ఎంత కొలిచి వండినా అన్నం మిగులుతోంది.
కింద అడగడానికి బోలెడు చోటుంది,
ఖాళీగా వదిలేశాను.

జవాబొచ్చిందా అంటారు.
తొమ్మిదో వారం ఫోన్ మోగింది,
మిక్సీ జార్ వాషరు సైజు ఎంతో కనుక్కోవడానికట.
చెప్పాను. తను పెట్టెయ్యలేదు.
రమ్మనలేదు నేను. అక్కడ వానా అన్నాను.
ఊఁ, అంది.
రేకుల మీద పడుతున్న ఆ వానని
ఇద్దరం చాలాసేపు విన్నాం.
అంతే. ఇంకా రాలేదు.

మొన్న పెట్టెలో పెన్సిలు చీటీ:
నాన్నా, పిల్లికూనల్లో ఒకటి కనపడ్డంలేదు.

చదివి, మడిచి,
మళ్లీ పెట్టెలోనే వేసేశాను.
అది నాకు రాసింది కాదు.