జీర

కారు కొని నలభై రోజులు.
ఎడమకు తిప్పితే చాలు, ముందు చక్రం కాడ
ఎవరో వక్కలు కత్తిరించినట్టు
కటుక్, కటుక్.

ఎర్రగుంట్ల నుంచి కడప దాకా
మలుపు వచ్చినప్పుడల్లా పాట ఆపేసి విన్నా.
బైపాసులో షోరూం. ఏసీ చల్లగా, కాఫీ పల్చగా.
జునైద్ అని పిల్లోడు, మెడలో ట్యాగు,
నా పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివినాడు:
"మూడేండ్లు, లేదా లక్ష కిలోమీటర్లు,
ఏది ముందొస్తే అది.
ఫ్యాక్టరీలో పుట్టిన లోపమైతే మాది సార్,
సామాను ఫ్రీ, కూలి ఫ్రీ.
బ్రేకు ప్యాడ్లు, వైపరు రబ్బరు, అరిగేటివన్నీ మీవి.
టైర్లు టైరు కంపెనీని అడగాల.
ఎలుక వైరు కొరికితే ఎలుకను అడగాల."
నవ్వినాడు.
నేను నవ్వలా.

"గుంతలో దించలేదప్పా."
"చూస్తాం సార్."
"ఒక్క రాయి గూడా దీంట్లో మొయ్యలా."
"చూస్తాం సార్."
నేను బయట బిగించుకున్న హారన్ను మాత్రం
కాసేపు అదోలా చూసినాడు.

కారు గాల్లోకి లేచింది.
దాని కడుపు కింద ముగ్గురు నిలబడి
పుట్టుకతో వచ్చిందా, నా చేతుల్లో వచ్చిందా అని
టార్చి వేసి మాట్లాడుకుంటా ఉంటే
అద్దం ఇవతల నాకు గొంతు తడారింది.

గంటన్నరకు వచ్చినాడు.
"జాయింటులో లోపం సార్. మొదట్నుంచీ లోపల్నే ఉండింది.
పైకి కనపడదు. తిరిగితేనే బయటపడుతుంది."
కొత్తది వేసినారు. బిల్లులో సున్నా.
ఆ సున్నా కింద సంతకం పెడతా ఉంటే
సుంకులమ్మ గుర్తొచ్చింది.

ముద్దనూరులో టిఫిన్ అంగడి ఆమెది.
పోయిన ఎండాకాలం నా కాడనే నల్లబండ కొనింది,
నాలుగడుగులది, వంటగట్టుకు.
తొమ్మిదో రోజు ఫోను:
"అన్నా, నిలువునా చీలింది.
నేను కొట్టలా, బరువు పెట్టలా.
దోసెపిండి గిన్నె తప్ప దాని మీద ఏమీ లేదు."

ఇరవై రెండేండ్లుగా బండలు అమ్మేవాణ్ణి.
పాలిష్ కింద జీర దాక్కుంటుందని నాకు తెలీదా?
నీళ్లు చల్లితే సన్నగా వెంట్రుక మాదిరి తేలుతుంది.
వేలి కణుపుతో కొడితే
మంచి రాయి ఖంగుమంటుంది, జీర రాయి మొద్దుగా దగ్గుతుంది.
ఆ పొద్దు లారీ తొందర.
చల్లలా, కొట్టలా.

"రాయికి వారంటీ యాడుంటుంది తల్లీ,
భూమిలో పుట్టింది, పోయి భూమినే అడుగు" అన్నా.
నవ్వినా గూడా.
ఆమె నవ్వలా.

ఎర్రగుంట్లకు వచ్చి యార్డులో
బకెట్టు, చెంబు తీసుకున్నా.
ఒకటి, రెండు, ఐదు,
తొమ్మిదో బండ పలికింది.
వెనక సీట్లు మడిచి, గోనెసంచులు పరిచి
ఇద్దరం ఎక్కించినాం. డిక్కీ మూత పడలా, తాడుతో కట్టినాం.
ఇట్లాంటివి వారంటీలో రావని
పుస్తకంలో యాడో ఉంటుంది.

ఆమెకు ఫోను చెయ్యలా.
ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు.

ముద్దనూరులోకి దిగేకాడ ఎడమకు తిప్పినా.
చక్రం నోరెత్తలా.
వెనక బండ మాత్రం
గతుకు పడినప్పుడల్లా
ఖంగుమంటా ఉండింది.