అమ్మేసిన బండి

కుక్కర్ రెండు కూతలదాకా
కన్ను తెరవదు కాటుక.
మూడోదానికి ఒళ్లు విరుచుకొని
గిన్నె కాడికి.
ఇస్త్రీపెట్టె చుయ్యిమన్నదా, మంచం కిందికి.
నేను డ్యూటీకి పోతున్ననని
నాకన్నా ముందే దానికి దిగులు.

మొన్న నా పాత స్కూటర్‌ను
వారాసిగూడ గుడ్ల ఇద్రీస్‌కు అమ్మేసిన.
మెట్రోల పోతున్న, మెట్రోల వస్తున్న,
చప్పుడు లేని మనిషినైన.
తాళం తిప్పితే
ఎవడో దొంగ వచ్చినట్టు మొరుగుతది,
వాసన చూసి సిగ్గుపడుతది.

పొద్దుగూకంగనే
గల్లీ మలుపుల ఆ బండి దగ్గుతది,
వెనక గుడ్ల ట్రేలు కట్టుకొని.
బాల్కనీ ఊచల నడుమ మూతి ఇరికించి
కాటుక ఒకటే కుయ్‌కుయ్.

సెలవు రోజు
నేను దాని పక్కనే నిలబడి ఉన్న.
అది నాకోసం ఎదురుచూస్తనే ఉన్నది.