నలభయ్యో మెట్టు

వాల్పరైసోలో మా వీధి వీధి కాదు, మెట్లు.
రేవు నుంచి పైదాకా నూట అరవై మూడు.
నలభయ్యో మెట్టు పక్కన నా రొట్టెల బట్టీ.

ఇరవయ్యేళ్ళు ఆ మెట్లమీద ఉత్తరాలు మోసింది హసింత.
భుజాన సంచీ, నోట ఈల,
కుక్కలన్నీ ఆమె వెనకే.

ఆ చలికాలం సంచీ లేకుండా కనబడింది.
ఊలు టోపీ, కనుబొమలు రాలిన మొహం.
"పేగు క్యాన్సరట," పిండి పిసుకుతూ మా ఆవిడ అంది.

కీమో ఎక్కించుకున్న మూడోనాడు
పన్నెండో మెట్టు ఎక్కబోయి చతికిలబడింది.
అక్కణ్ణించే కేకేసింది:
"ఇవాళ పదకొండు! రాసిపెట్టు!"

రాశాను, బట్టీ లెక్కల పుస్తకంలో,
మైదా బస్తాల పక్కన.
పదకొండు. పంతొమ్మిది. నాలుగు.
ఒకరోజు సున్నా వేస్తే దెబ్బలాటకొచ్చింది,
"గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను కదా,
నిలబడ్డం లెక్కలోకి రాదా?"
సున్నా కొట్టేసి అర వేశాను.

నలభైకి చేరిన రోజు
బయట ఒక స్టూలు వేశాను.
ఎవరికని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

వేళ్ళ కొసలు మొద్దుబారి చిల్లర జారిపోయేది.
నాణేలు మెట్లమీద గెంతుకుంటూ దిగిపోతుంటే
వెంటపడబోయి, ఆగి,
వాటి తాతముత్తాతల్ని కలిపి తిట్టేది.
వేడి మర్రకేత రొట్టె నాలుగు పాళ్ళు విరిచి
ఒకటి తాను, మూడు కుక్కలకి.
నోరంతా ఇనప రుచి అనేది.

"ఎంత ధైర్యం నీకు!" అన్నానోసారి.
"ధైర్యం నువ్వే ఉంచుకో,
రొట్టె ఇంకాస్త మాడ్చు, రుచి తెలియాలి."

గాలిపటాలెగిరే సెప్టెంబరులో
వైద్యం అయిపోయిందన్నారు.
"అయిపోవడమంటే ఇదేనా?
ఒళ్ళింకా అరువు తెచ్చుకున్నట్టే ఉంది," అంది.
స్కానింగుకి ముందురోజు మాత్రం
ఎవరో తరుముతున్నట్టు
రెండుసార్లు ఎక్కి దిగేది.

సంచీ మళ్ళీ భుజమెక్కింది.
సగం బరువు, సగం ఇళ్ళు.
ఈల ఇంకా రాలేదు. ఊపిరి పైమెట్లకి దాచుకుంటుందేమో.
నా దగ్గర ఆగదిప్పుడు.
స్టూలు లోపల పెట్టమంటుంది మా ఆవిడ.
దానిమీద ఒక కుక్క పడుకుంటోంది, లేపడం ఎందుకు?

నిన్న సాయంత్రం కలం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను,
"ఎన్ని?"
"ఏమో, చూసుకోలేదు.
పైన ఎవరిదో చిరునామా సరిగ్గా లేదు,
అది వెతుక్కుంటూ పోయాను."

పుస్తకంలో ఆ గడి ఖాళీ.
పక్కన: మైదా, రెండు బస్తాలు.